పట్వారి ఇంటి మూట: చేవెళ్ల, మొయినాబాద్ పాత కాగితాలకు వ్యాఖ్యానం

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో పాత కాగితం ఒకటి బయటికి తీస్తే చుట్టూ చేరినవాళ్ల కళ్లన్నీ ఒకే చోటికి పోతాయి. పట్టా ఎవరి పేరున ఉంది, ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు? మొయినాబాద్ అటు ఉస్మాన్‌సాగర్‌కు, ఇటు హిమాయత్‌సాగర్‌కు మధ్యన పడ్డ నేల. నగరం బీజాపూర్ రోడ్డు పట్టుకొని ఇటు జరిగినకొద్దీ ఈ ఊళ్లలో గుంట గుంటకూ లెక్క వచ్చింది. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టిన 1996 నాటి 111 జీవో ఆ లెక్కను మరింత చిక్కుచేసింది. దాంతో పాత కాగితం అంటే భూమి తగాదాలో చూపించే సాక్ష్యం అనే అర్థం ఒక్కటే మిగిలింది.

ఆ సాక్ష్యం సంగతి వకీళ్లు చూసుకుంటారు. నాకు కావలసింది ఆ కాగితాల్లో ఉన్న మనుషులు. వాళ్లు పట్టాదారు గడి పక్కన, మార్జిన్లలో, వేలిముద్రల కింద, ఇంటి పద్దుల్లో ఉన్నారు. వాళ్లను చదవాలంటే కాగితంలోని మాటలు తెలిసి ఉండాలి. అందుకని కొన్ని మాటలు తీసుకొని ఒక్కొక్కటీ విప్పి చెప్తున్నాను.

దస్త్రం

గుడ్డలో చుట్టి తాడుతో కట్టిన కాగితాల మూట. రికార్డు గదిలో దీన్నే బస్తా అంటారు.

నిజాం రాజ్యంలో ఊరికి ముగ్గురు. మాలీ పటేలు శిస్తు వసూలు చేసేవాడు. పోలీసు పటేలు తగాదాలు, నేరాలు చూసేవాడు. పట్వారి లెక్క రాసేవాడు. ఈ పదవులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. ఊళ్లో సర్కారుకంటూ వేరే గది లేదు, పట్వారి ఇల్లే దఫ్తరు. అందువల్ల ఒకే మూటలో ఆ ఏటి భూమి, పంట లెక్క రాసిన పహాణీ, తహసీలు నుంచి వచ్చిన తాకీదు, వియ్యంకుడు రాసిన ఉత్తరం, ఎవరికో ఇచ్చిన అప్పు కాగితం, కూతురి పెళ్లి ఖర్చు పద్దు అన్నీ కలిసి ఉండేవి. పాత పహాణీ వెనకవైపు తెల్లగా ఉంటే దానిమీదే ధాన్యం లెక్క వేసుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఏది ఇంటిది, ఏది సర్కారుది అన్న విభజన ఆ మూటకు తెలియదు.

ఆ మూటంటే ఊరికి భయం కూడా. రాసే చెయ్యి ఒక్కటే అయినప్పుడు ఆ చెయ్యి ఏం రాస్తే అదే నిజం. 1946–51 సాయుధ పోరాటంలో రైతులు అప్పు పత్రాలను, భూమి లెక్కలను కుప్పపోసి తగలబెట్టారంటే ఆ మంట వెనక ఎన్ని తరాల కడుపుమంట ఉందో అర్థం చేసుకోవాలి. కాగితాన్ని కాపాడాలని అడిగే ప్రతి ఒక్కరూ ఈ సంగతి గుర్తుంచుకొని అడగాలి.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో పటేలు, పట్వారి పదవులను రద్దు చేసింది. లెక్కలు అప్పగించమన్నారు. తరాలుగా కలిసిపోయిన మూటను ఒక్కసారిగా విడదీయడం ఎవరి తరమూ కాదు. కొంత కచ్చేరికి పోయింది, కొంత ఇంట్లో మిగిలింది. మరుసటి ఏడు మండలాలు వచ్చి తాలూకా దస్త్రాలూ మళ్లీ పంపకానికి వచ్చాయి. కాబట్టి ఇవాళ ఒక ఊరి చరిత్ర రెండు సగాలుగా ఉంది. సర్కారు సగాన్ని చూసుకోవడానికి చట్టాలున్నాయి, ఉద్యోగులున్నారు. ఇంటి సగానికి ఆ ఇంటివాళ్లే దిక్కు.

సొంత కాగితం, కచ్చేరి కాగితం కలిసి ఉండడం వల్ల ఎంత మేలు జరుగుతుందో ఈజిప్టులో తేలింది. పాత కైరోలోని బెన్ ఎజ్రా యూదుల ప్రార్థనామందిరంలో దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదన్న ఆచారంతో శతాబ్దాలపాటు రాతలన్నీ ఒక గదిలో వేస్తూ పోయారు. మతగ్రంథాల ముక్కలతోపాటు వ్యాపారుల ఉత్తరాలు, కట్నాల పత్రాలు, బాకీ చీటీలు, ఫాతిమీ పాలకులకు పెట్టుకున్న అర్జీలు అందులో పడ్డాయి. 1896–97లో సాలమన్ షెక్టర్ వాటిలో అధిక భాగాన్ని కేంబ్రిడ్జికి చేర్చాడు. మధ్యయుగాల్లో మన పడమటి తీరంతో వ్యాపారం చేసినవాళ్ల ఇంటి సంగతులు లోకానికి తెలిసింది ఆ గదిలోంచే. ఎవరో కూర్చొని ‘ఇది ముఖ్యం, ఇది కాదు’ అని ఏరి ఉంటే ఆ ఉత్తరాలు మిగిలేవి కావు.

ఫస్లీ

పాత కాగితంలో మొదట చూడాల్సింది తేదీ. అక్కడే చాలామంది ఆగిపోతారు. హైదరాబాద్ రాజ్యంలో సర్కారు ఏడు ఫస్లీ. అక్టోబరు మొదటివారంలో ఆజూర్ నెలతో మొదలై దై, బహమన్, ఇస్ఫందార్ మీదుగా ఆబాన్‌తో ముగిసేది. ఆజూర్ నుంచి డిసెంబరు ఆఖరు దాకా 590, జనవరి నుంచి సెప్టెంబరు దాకా 591 కలుపుకుంటే ఇంగ్లీషు ఏడు వస్తుంది. భూమిశిస్తు చట్టం 1317 ఫస్లీ అంటే 1907. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫస్లీ అంటే 1949 ఆగస్టు.

ఇంటి కాగితాల్లో ఫస్లీ తక్కువ. తెలుగు సంవత్సరం, మాసం, తిథి రాసుకునేవారు. తహసీలుకు రాసిన కాగితంలో 1340 ఫస్లీ ఖుర్దాద్ అని వేసిన పట్వారే, ఆ రోజుల్లోనే చుట్టానికి రాసిన ఉత్తరంలో ప్రజోత్పత్తి చైత్రం అని వేస్తాడు. రెండూ 1931 ఏప్రిల్ నాటివే. మూటలో ఈ రెండు కాగితాలూ పక్కపక్కన దొరికితే ఆ ఎండాకాలం ఆ ఇంట్లో ఏం జరిగిందో, ఊళ్లో ఏం జరిగిందో ఒకేసారి కనబడుతుంది. విడివిడిగా రెండు చోట్ల ఉంటే ఆ రెండింటినీ కలపాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

సర్ఫ్-ఎ-ఖాస్

నిజాం సొంత ఎస్టేటు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా దీని కింద ఉండేది. శిస్తు రాజ్య ఖజానాకు పోదు, నిజాం సొంత ఖజానాకు పోతుంది. దీనికి వేరే కచ్చేరులు, వేరే ముసద్దీలు (గుమాస్తాలు), వేరే దస్త్రాలు. మధ్యమధ్య పాయిగా, జాగీరు ఊళ్లు ఉండేవి. వాటి లెక్కలు ఆయా నవాబుల దఫ్తర్లలో నడిచేవి. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దీవానీలో, అంటే రాజ్య ప్రభుత్వ పాలనలో, కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. ఆ కాలంలోనే అత్రాఫ్-ఎ-బల్దా, బాగాత్ జిల్లాలు కలిసి హైదరాబాద్ జిల్లా అయ్యాయి. అందులోంచి 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా వచ్చింది. ఆ పేరు మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డిది. వకీలుగా మొదలై ఉప ముఖ్యమంత్రి దాకా ఎదిగిన మనిషి ఆయన.

పక్కపక్క ఊళ్లే అయినా ఒకదాని పాత కాగితాలు దొరికి రెండోదానివి దొరకకపోవడానికి కారణం తరచూ ఇక్కడే ఉంటుంది. వెతికేముందు ఆ ఊరు సర్ఫ్-ఎ-ఖాస్‌దా, పాయిగాదా, దీవానీదా అని తేల్చుకోవాలి.

అర్జీ

కచ్చేరి ముందు చెట్టుకింద కూర్చున్న రాయసగాడికి రైతు తెలుగులో తన గోడు చెప్తాడు. అతను దాన్ని ఉర్దూలో, దర్బారు మర్యాదలతో, నాలుగు వాక్యాలకు కుదించి రాస్తాడు. పైన హుజూరుకు సలాములు, మధ్యన సంగతి, కింద ‘వాజిబ్ జాని అర్జీ పెట్టుకున్నాను’ అనే తీరులో ముగింపు, ఆ పక్కన వేలిముద్ర. అర్జీలో వినబడే గొంతు రైతుది పూర్తిగా కాదు, అయినా రైతుది కాకుండా పోదు. రాయసగాడు మర్యాదలు తనవి పెట్టగలడు గానీ కూలిన బావి, ఎండిన కుంట, పక్కవాడు దున్నేసిన గెట్టు అర్జీదారు చెప్తే తప్ప రాయలేడు. అర్జీ చదివేటప్పుడు నేను మొదటి మూడు పంక్తులు దాటేసి, మధ్యలో మొరటుగా తగిలే చోట ఆగుతాను. రైతు మాట రాయసగాడి భాషకు లొంగని చోటు అది.

అర్జీ కచ్చేరిలోకి పోయాక దానికి మిసిల్ పుడుతుంది. ఒక సంగతి మీద నడిచిన కాగితాలన్నీ వరసగా కుట్టిన కట్ట అన్నమాట. అర్జీ మార్జిన్ మీద పేష్కారు రాత, దానికింద తహసీల్దారు హుకుం, గిర్దావరు పోయి చూసి రాసిన రిపోర్టు, పంచనామా, మళ్లీ తాకీదు. ముసద్దీ రాత చాలా పొదుపైనది. అయినా ఒక్కో గిర్దావరు రిపోర్టులో ‘ఊరివాళ్లు భయపడి చెప్పడం లేదు’ వంటి మాట ఒకటి దొర్లిందంటే, అది ఏ చరిత్ర పుస్తకంలోనూ దొరకని సాక్ష్యం. దిగువ ఉద్యోగి పైఅధికారికి రాసే ఉత్తరప్రత్యుత్తరాలను నిస్సారమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఊరికీ రాజ్యానికీ మధ్య నిలబడి రెండువైపులా చూసినవాడు ఆ ఉద్యోగే.

ఎక్కువ మిసిళ్ల చివర ఒకే మాట ఉంటుంది: దాఖల్ దఫ్తర్. ఇక చేయాల్సింది లేదు, రికార్డులో పెట్టండి అని. అడిగినవాడికి అది నిరాశ కావచ్చు. కాగితం బతికింది మాత్రం ఆ హుకుంతోనే.

సేత్వార్

సర్వే అయ్యాక ప్రతి సర్వే నంబరుకూ విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు రాసిన మూల పట్టిక. మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల కాలంలో బొంబాయి పద్ధతి సర్వే ఇక్కడికి వచ్చింది, దానితో ఈ పట్టికా వచ్చింది. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ‘2-20’ అంటే రెండున్నర ఎకరాలు. నిఖార్సయిన కాగితమే గానీ పొడి కాగితం. మనుషుల గురించి ఇంతకంటే చెప్పదు.

ఖాస్రా పహాణీ

ఈ ప్రాంతంలో చదువు రానివాళ్లకు కూడా తెలిసిన కాగితం ఇది. 1954–55లో తయారైంది. జాగీర్లు పోయి, కౌలు చట్టం వచ్చి, భూమి ఎవరి చేతిలో ఉందో తేల్చాల్సిన సమయం అది. హైదరాబాద్ ఇంకా వేరే రాష్ట్రంగానే ఉంది. గిర్దావరు, పట్వారి నంబరు నంబరుకూ తిరిగి ఎవరి పట్టా, ఎవరి కాస్తు, ఏ నీరు, ఏ పంట అని రాశారు. ఆ తర్వాత వచ్చిన సేసలా పహాణీ మూడేళ్ల లెక్కను ఒకేచోట చూపిస్తుంది. ఏటా మార్పులు ఫైసల్ పట్టీలో ఎక్కేవి. శిస్తు ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత బాకీ అన్నది వసూల్ బాకీలో ఉండేది. ఈ నాలుగూ కలిపి చదివితే ఒక కుటుంబం ఎప్పుడు నిలదొక్కుకుందో, ఎప్పుడు కుంగిందో తెలిసిపోతుంది. వసూల్ బాకీలో ఒక పేరు పక్కన బాకీ ఏటికేడు పెరిగి, ఆ తర్వాతి ఫైసల్ పట్టీలో ఆ నంబరు ఇంకొకరి పేరుకు మారిందంటే, మధ్యలో ఆ ఇంట్లో ఏం నడిచిందో ఊహించడానికి కథకుడు అక్కర్లేదు.

ఖాస్రాలు చాలావరకు ఉర్దూలో ఉన్నాయి. ఉర్దూ లిపిలో ళకారానికి, ణకారానికి వేరే అక్షరాలు లేవు, హ్రస్వాలు రాయరు, ఎ ఏదో ఏ ఏదో పోల్చుకోలేం. నర్సింహులు, నర్సింలు, నర్సయ్య ఒకే రాతలోంచి మూడు రకాలుగా బయటికి వస్తారు. తెలుగులోకి ఎత్తి రాసినప్పుడు పేర్లు మారాయి, పేర్లతో వారసులు తారుమారయ్యారు. ఊరి పేర్లు తెలిసి, ఇంటిపేర్లు తెలిసి, ఉర్దూ చదవగలిగిన పాతతరం ఉద్యోగులు ఒక్కొక్కరే పోతున్నారు. అక్షరం మిగిలి చదివేవాడు లేకపోతే కాగితం మిగిలినట్టు కాదు. ఈ పని మీద నాకున్న ఆదుర్దా ఇదే.

ఖాస్రాలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉంటుంది. నేల మీద నిజంగా నాగలి పట్టినవాడు అక్కడ ఉంటాడు. 1950 కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారులుగా నమోదైనవాళ్లకు, ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ తర్వాతి కాలంలో యాజమాన్య హక్కు ఇచ్చింది. ఆ హక్కుకు వేరు ఇలాంటి రాతల్లోనే ఉంది. తెలంగాణలో 2017 తర్వాత సాగిన రికార్డుల ప్రక్షాళన, దాని వెంట 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి పోర్టల్ అనుభవదారు గడిని పక్కనపెట్టాయి. కొత్త రికార్డు శుభ్రంగా కనబడింది. అయితే చేనిలో ఉన్న మనిషి అందులో లేకుండా పోయాడు. చెమటోడ్చినవాడికి రికార్డులో చోటు లేకపోవడం చిన్న సంగతి కాదని నా గట్టి నమ్మకం. ఆ లోటును రేపు పూడ్చుకోవాలన్నా పాత పహాణీల దగ్గరికే రావాలి.

కైఫియత్

పాత రిజిస్టర్లలో చివరి గడి. మిగతా గడుల్లో ఏం రాయాలో పైనుంచి హుకుం ఉంటుంది. ఈ గడిలో రాసేవాడి ఇష్టం. అందుకే ఎక్కువసార్లు ఖాళీగా ఉంటుంది. రాసినప్పుడు మాత్రం ఊపిరి ఉంటుంది: పట్టాదారు ఫౌత్ (చనిపోయాడు), కొడుకు నాబాలిగ్ (మైనరు). బావి కూలింది, నంబరు పడావ. పట్టాదారు ఊళ్లో లేడు. అన్నదమ్ముల తకరారు ఉంది. చెరువు కింద మునక, శిఖంలో చేరింది.

1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడడానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయింది. ఆ కట్టల గురించి, విశ్వేశ్వరయ్య సలహాల గురించి పుస్తకాలున్నాయి. నీళ్లు నిలిచిన నేలను అంతకుముందు దున్నినవాళ్ల గురించి చదవాలంటే ముంపు మిసిళ్లు, ఇలాంటి చివరి గడులు తప్ప దారి లేదు. నగరం తాగిన నీళ్ల కింద ఈ పల్లెల చేలు ఉన్నాయన్నది అంకెల్లో కంటే అక్కడే బాగా తెలుస్తుంది.

కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు మొదట వదిలేసేది ఈ గడినే. అంకె కాదు కాబట్టి, పేరు కాదు కాబట్టి, ఏ పెట్టెలో పెట్టాలో తోచదు.

ఫౌతి

పట్టాదారు చనిపోతే పేరు మార్చే పని. ఫౌతి రాసి, వారసుల పేర్లు చూపించి, విరాసత్ మంజూరు చేయించుకోవాలి. పాత విరాసత్ కాగితాలు చూస్తూ పోతే కొడుకులే కొడుకులు. భార్య పేరు కొడుకులు లేనప్పుడో, ఉన్నా నాబాలిగ్ అయినప్పుడో వస్తుంది. కూతుళ్లు కనబడరు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు తరాల ఆడపిల్లలు సర్కారు కాగితంలో పుట్టనే లేదు.

వాళ్లు ఇంటి కాగితాల్లో ఉన్నారు. పెళ్లి పద్దులో ఆమె పేరు, చీరల ధర, వెండి తూకం, బండ్ల కిరాయి ఉంటాయి. పసుపు కుంకుమ కింద రెండెకరాలు ఇచ్చామని నోటిమాటగా అనుకున్నది ఏదో చీటీలో తేలుతుంది. అత్తవారింటి నుంచి ఎవరిచేతో రాయించి పంపిన ఉత్తరంలో అమ్మ ఆరోగ్యం అడుగుతూ, బర్రె ఈనిందా అని అడుగుతూ ఆమె మాట్లాడుతుంది. ఊళ్లో సగం జనాభా చరిత్ర సర్కారు సగంలో కాక ఇంటి సగంలో ఉందన్న సంగతి తెలిశాక, సొంత కాగితాలకు ఆర్కైవ్‌లో చోటెందుకని ఎవరూ అడగలేరు.

సాదా బైనామా

తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం. రిజిస్ట్రేషన్ లేదు. నోటుబుక్కులోంచి చింపిన కాగితం కావచ్చు, తక్కువ ధర స్టాంపు కాగితం కావచ్చు. రూపం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడైన ఫలానా వారికి, అదే గ్రామ కాపురస్తుడైన ఫలానా వాడు రాసి ఇచ్చిన సాదా బైనామా ఏమనగా, అని మొదలవుతుంది. ‘నా ఇంటి ఖర్చుల నిమిత్తం’ అనో, ‘కూతురి పెళ్లి నిమిత్తం’ అనో కారణం వస్తుంది. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు. అంకెల్లోనూ అక్షరాల్లోనూ సొమ్ము. పాతవైతే ఆ సొమ్ము నిజాం హాలీ సిక్కాయా, ఇంగ్లీషువాళ్ల కల్దారా అని తప్పక చెప్తారు, ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లతో సమానం కాబట్టి. ఆపైన హద్దులు.

ఆ హద్దుల దగ్గర నేను చాలాసేపు ఉంటాను. తూర్పున ఫలానావాళ్ల చెలక, పడమట బండ్లబాట, ఉత్తరాన వాగు, దక్షిణాన చింతచెట్టు, దాని పక్క గెట్టు. సర్వే పటం ఇవ్వని ఊరు ఇక్కడ దొరుకుతుంది. బండ్లబాట ఇప్పుడు వెంచరు రోడ్డు అయ్యుండొచ్చు, వాగు మట్టితో నిండిపోయి ఉండొచ్చు. పూలు, టమాటాలు, క్యారెట్ నగరానికి పంపే ఈ చేలల్లో ఒకప్పుడు జొన్న, కంది ఎక్కడెక్కడ ఉండేవో, నీటి బాట ఎటు పోయేదో ఈ హద్దులు కలుపుకుంటూ పోతే గీయవచ్చు.

చివర ‘ఇది నా సమ్మతిన, పూర్ణ బుద్ధితో రాసి ఇచ్చిన బైనామా’ అని ముగించి, అమ్మినవాడి నిశాని, ఇద్దరు ముగ్గురు సాక్షులు, కింద దస్తూరి. దస్తూరి అంటే కాగితం రాసిన చెయ్యి. ఒక ఊళ్లో ఇరవై ముప్పై ఏళ్ల బైనామాలు చూస్తే ఒకరిద్దరి దస్తూరే మళ్లీ మళ్లీ వస్తుంది. బడిపంతులు కావచ్చు, పట్వారి తమ్ముడు కావచ్చు. అతని అక్షరం ఎలా నిదానపడిందో, ఎప్పుడు వణకడం మొదలైందో, ఎప్పుడు ఆగిపోయి ఇంకొకరి అక్షరం మొదలైందో కంటికి కనబడుతుంది. ఊరి నమ్మకాన్నంతా తన చేతిరాత మీద మోసినవాడికి ఏ రికార్డులోనూ వేరే గుర్తింపు లేదు.

1971 నాటి హక్కుల రికార్డు చట్టంలోని 5-ఎ సెక్షన్ కింద ఇలాంటి కొనుగోళ్లను క్రమబద్ధం చేయడానికి దారి ఉండేది. తెలంగాణలో 2014 జూన్ 2కు ముందు జరిగిన సాదా బైనామాల మీద 2020 అక్టోబరు, నవంబరుల్లో దరఖాస్తులు తీసుకుంటే లక్షల్లో వచ్చాయి. చట్టం మారడంతో అవి ఆగి, 2025లో భూభారతి చట్టం వచ్చాక మళ్లీ కదిలాయి. ఇంత పెద్ద ఎత్తున ఇళ్లలోని సొంత కాగితాలు సర్కారు దస్త్రాల్లోకి చేరిన సందర్భం తెలంగాణలో మరొకటి నాకు తోచదు. దరఖాస్తుదారులు చూసేది పట్టా వస్తుందా రాదా అని. సహజం. పట్టా తేలాక ఆ కాగితాలు ఏమవుతాయన్న ప్రశ్న కూడా ఇప్పుడే వేసుకోవాలి.

ఆర్.డిస్.

దానికి జవాబు ఇలాంటి గుర్తుల్లో ఉంటుంది. కచ్చేరిలో ఫైలు ముగిసినప్పుడు దాని మీద ఒక గుర్తు వేస్తారు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాల్సింది. డి.డిస్. అంటే పదేళ్ల తర్వాత నాశనం చేయవచ్చు. ఎల్.డిస్. అయితే ఇంకా ముందే. ఈ పద్ధతి మద్రాసు జిల్లా కచ్చేరుల నుంచి వచ్చింది. ఫైలు తల మీద ఆ ఒక్క అక్షరం వేసేది సెక్షన్ గుమాస్తా. చరిత్రకారుడు నలభై ఏళ్ల తర్వాత వచ్చి వెతికేది దొరకాలా వద్దా అన్న నిర్ణయం, సాయంత్రం ఐదింటికి బల్ల మీద కుప్ప తగ్గించుకుంటున్న ఆ ఉద్యోగి చేతిలో ఉంది.

హక్కు ఇచ్చిన ఉత్తర్వు శాశ్వతంగా ఉంటుంది. తిరస్కరించిన అర్జీ, దానికి జతచేసిన ఉత్తరం, చీటీ పదేళ్లకో అంతకుముందో పోతాయి. గెలిచినవాళ్ల కాగితం మిగిలి ఓడినవాళ్ల కాగితం పోవడం ఇలా జరుగుతుంది. ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, నిబంధన చాలు. నాశనానికి జాబితా వేసేముందు ఊరికి పదో పాతికో ఫైళ్లను, తిరస్కరించినవాటితో సహా, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపాలన్న ఒక్క నియమం పెడితే చాలా మిగులుతుంది. గుమాస్తాలకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఏది ఎందుకు ఉంచాలో చెప్పడానికి అరపూట కేటాయించినా మేలే.

నకలు

అసలుకు ప్రతి. మొహాఫిజ్‌ఖానాలో, అంటే రికార్డు గదిలో, దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి తెచ్చుకునే మొహరు వేసిన కాగితం. ఇప్పుడు దీనికి ఫొటో, స్కాన్ తోడయ్యాయి.

తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పునాది నిజాంల నాటి దఫ్తరే దీవానీ. అక్కడ షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కను కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో చాలా భాగం మొఘల్ సైన్యపు గుమాస్తాలు రాసినవి. అర్జ్-ఒ-చెహ్రా అనే కాగితంలో ఒక సిపాయి ముఖం ఎలా ఉంది, మచ్చ ఎక్కడుంది, గుర్రం రంగేమిటి, దాని మీద వేసిన ముద్ర ఏమిటి అని రాసి ఉంటుంది. దొంగ హాజరు పడకుండా రాసుకున్న లెక్క అది. మూడు వందల యాభై ఏళ్లు దాటాక ఆ సిపాయి ముఖం మనకు తెలిసిందంటే ఆ ముసద్దీ చలవే. ఢిల్లీ చక్రవర్తుల సైన్యపు జీతాల చిట్టాకు దొరికిన ఆదరణ పెద్దమంగళారం, చిల్కూరు, ఆలూరు పట్వారి మూటలకు ఎందుకు దొరకకూడదు? వాటిలోనూ ఉన్నది అదే రకం రాత, అదే రకం మనిషి.

స్కాన్ చేశాం కాబట్టి అసలుతో పనిలేదన్న మాట తరచూ వినబడుతోంది. అది ఒప్పుకోదగిన మాట కాదు. స్కాన్‌లో వెనకవైపు రాత రాదు, వేరే సిరాతో తర్వాత దిద్దిన అక్షరం తేడా తెలియదు, కాగితం అతికించిన జాడ పోతుంది. భూమి కేసుల్లో నిజం బయటపడేది చాలాసార్లు ఆ సిరా తేడాలోనే. ఇక అసలు ఒకేచోట ఉండి నకలు లేకపోతే ఏమవుతుందో 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో భూముల దస్త్రాలు కాలిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతా చూసింది. అసలూ కావాలి, నకలూ కావాలి. రెండూ రెండు చోట్ల ఉండాలి.

మూట

ఇది కచ్చేరి మాట కాదు, ఇంటి మాట. ఈ రెండు మండలాల్లో ఇంకా ఎన్నో అటకల మీద మూటలున్నాయి. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు, ఫాంహౌస్‌కు పొలం అమ్మేటప్పుడు, అన్నదమ్ములు పంచుకునేటప్పుడు అవి రోడ్డు మీదికి వస్తాయి. భూమి కాగితం ఒక్కటి తీసుకొని మిగతా చెత్త కింద పోతుంది.

అలాంటి మూట మీ ఇంట్లో ఉంటే ముందు విప్పి వేరుచేయకండి. ఏ కాగితం దేని పక్కన ఉందన్నది కూడా ఒక సమాచారమే. పైనుంచి కిందికి వరసగా ఫొటోలు తీయండి, వెనకవైపులు కూడా. సెల్లోటేపు అతికించకండి, కొన్నేళ్లకు దాని జిగురు పసుపెక్కి అక్షరాన్ని తింటుంది. లామినేషన్ చేయించకండి, ఆ వేడికి పాత కాగితం మళ్లీ కోలుకోదు. గుండుసూదులు తుప్పు పట్టి ఉంటే నెమ్మదిగా తీసేయండి. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, నేలకు ఎత్తున, గోడకు ఎడంగా, గాలి తగిలే చోట పెట్టండి. వానాకాలం పోయాక ఒకసారి విప్పి చెదలు చూసుకోండి. అందులో పేర్లున్న మనుషులు మీకు ఏమవుతారో వేరే కాగితం మీద పెన్సిలుతో రాసి మూటలోనే పెట్టండి. ఉర్దూ కాగితాలుంటే, చదవగలిగిన పెద్దాయన ఊళ్లో ఇంకా ఉంటే, ఆయన దగ్గర కూర్చొని గట్టిగా చదివించుకొని ఫోనులో రికార్డు చేయండి. చదువుతూ చదువుతూ ఆయన మధ్యలో ఆగి ‘వీడు మా మేనమామ పాలేరు’ అనో, ‘ఈ బావి ఇప్పుడు లేదు’ అనో అంటాడు. రికార్డింగు అప్పుడు ఆపకండి.